ఎరిగిన మలుపు

హైదరాబాద్‌లో బండి మోజున్నవాళ్లలో చాలామందికి తొలి లాంగ్ రైడ్ వికారాబాద్ రోడ్డే. తెల్లారకముందే లంగర్‌హౌజ్ దాటి, అప్పా జంక్షన్ దగ్గర నగరాన్ని వెనక వదిలేస్తే మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ వరసగా వస్తాయి. దారి పొడవునా వందలాది మర్రిచెట్లు. వికారాబాద్ ఊరు దాటాక అనంతగిరి గుట్టలు, కాస్త అడవి, కొన్ని మంచి మలుపులు, మూసీ నది పుట్టిన చోటు. టిఫిన్ చేసి వెనక్కి తిరిగితే ఎండ ముదరకముందే ఇంట్లో ఉండొచ్చు. కొత్తగా బండి కొన్న కుర్రాడు మొదటి ఆదివారం ఈ రోడ్డు మీద వెళ్లొచ్చి వారమంతా దాని ముచ్చటే చెబుతాడు. ఏ చెట్టు కింద ఆగాడో, ఏ మలుపులో గుండె ఝల్లుమందో అన్నీ గుర్తే. ఏడాది తిరిగేసరికి అదే కుర్రాణ్ణి "ఆదివారం అనంతగిరి పోదామా?" అని అడగండి. "మళ్లీ అదే రోడ్డా అన్నా!" అంటాడు.

పెద్దవాళ్లు దీన్ని నిలకడలేనితనం అంటారు. ఉన్న రోడ్డు చాలక పెట్రోలు తగలేస్తున్నాడని విసుక్కుంటారు. నాకు ఆ మాట అన్యాయం అనిపిస్తుంది. ఆ కుర్రాడి విసుగు మెదడు తన పని పూర్తిచేసుకున్నాక పంపే కబురు. ఈ రోడ్డు దగ్గర నేర్చుకోవాల్సింది నేర్చేసుకున్నాను, నా అంచనాలు ఇక్కడ తప్పడం లేదు, ఇంకోచోటికి పద అని దాని అర్థం. అయితే ఈ కబురులో ఒక లోపం ఉంది. అది ప్రాణాలకు సంబంధించిన లోపం, దాని దగ్గరికి కాసేపట్లో వద్దాం. ముందు మెదడు ఇలాంటి కబురు ఎలా తయారుచేస్తుందో చూడాలి.

అందుకు ఒక నత్త దగ్గర మొదలుపెట్టడం మంచిది. అప్లీసియా అనే సముద్రపు నత్తలో నాడీకణాలు మొత్తం సుమారు 20 వేలు. మన మెదడులో 8,600 కోట్ల దాకా ఉంటాయి. అంత చిన్న వ్యవస్థ కాబట్టే శాస్త్రవేత్త ఎరిక్ క్యాండెల్ తన పరిశోధనకు దాన్ని ఎంచుకున్నాడు. నత్త ఒంటిమీద నీటిని బయటికి వదిలే గొట్టాన్ని మెత్తగా తాకితే, అది వెంటనే మొప్పను లోపలికి ముడుచుకుంటుంది. మళ్లీ తాకితే కాస్త తక్కువగా ముడుచుకుంటుంది. పదే పదే తాకుతూ పోతే దాదాపు పట్టించుకోవడం మానేస్తుంది. కండరం అలిసిపోయిందా అంటే లేదు. తోకమీద చిన్న షాక్ తగిలిస్తే మొప్ప మళ్లీ మొదటంత బలంగా ముడుచుకుంటుంది. మార్పు వచ్చింది రెండు నాడీకణాలు కలిసే చోట. స్పర్శను మోసుకొచ్చే కణం ప్రతిసారీ అవతలి కణానికి అందించే రసాయనాన్ని తగ్గించుకుంటూ వచ్చింది. హాని లేదని తేలినదాని మీద శక్తి ఖర్చుపెట్టడం మానుకుంది. నేర్చుకోవడం అన్నదానికి ఇంతకంటే సాదా రూపం లేదు. ఈ దారిలో సాగిన పరిశోధనకు క్యాండెల్‌కి 2000లో నోబెల్ వచ్చింది.

నత్త సంగతి అంతవరకే. మనిషి మెదడు ఇంకో మెట్టు పైకి వెళ్తుంది. మాస్కోలో ఎవ్జెనీ సొకొలోవ్ అనే శాస్త్రవేత్త మనుషులకు ఒకే శబ్దాన్ని ఒకే ఎడంతో వినిపిస్తూ వాళ్ల మెదడు తరంగాలు, చర్మంలో విద్యుత్ మార్పులు కొలిచాడు. మొదట్లో శబ్దం వినగానే ఒళ్లంతా అప్రమత్తమయ్యేది. కొంతసేపటికి ఆ స్పందన చచ్చుబడిపోయేది. ఇక్కడిదాకా నత్తకీ మనకీ తేడా లేదు. కానీ అలవాటైన ఆ వరసలో ఒక శబ్దాన్ని ఎగ్గొడితే, అది రావాల్సిన క్షణానికి అప్రమత్తత మళ్లీ లేచి కూర్చునేది. రాని శబ్దానికి ఒళ్లు ఎలా స్పందిస్తుంది? ఎప్పుడు, ఎంత గట్టిగా రావాలో మెదడు లోపల ముందే ఒక నమూనా కట్టుకుని ఉంటేనే అది సాధ్యం. బండి నడిపేవాళ్లకి ఇది రోజూ అనుభవమే. వంద కిలోమీటర్లు నడిపినా ఇంజన్ చప్పుడు చెవికి ఎక్కదు. చైన్ కాస్త వదులై కొత్తగా ఒక టకటక మొదలవగానే చెవి దాన్ని పట్టేస్తుంది. చెవి వినడం ఎప్పుడూ మానలేదు. విన్నదాన్ని నమూనాతో పోల్చి, సరిపోయినంతసేపు మనకు చెప్పడం మానేసింది.

నమూనాకీ వాస్తవానికీ మధ్య ఈ తేడాయే ఉత్సాహానికి మూలం అని తేల్చినవాళ్లలో వోల్ఫ్రామ్ షుల్ట్జ్ ముఖ్యుడు. కోతుల మెదడు లోతుల్లో డోపమిన్ అనే రసాయనాన్ని విడుదలచేసే నాడీకణాల పక్కన సన్నని తీగలు పెట్టి, వాటికి పళ్లరసం చుక్కలు ఇస్తూ ఆ కణాలు ఎప్పుడు చురుగ్గా మోగుతాయో విన్నాడు. అనుకోకుండా రసం పడితే కణాలు గట్టిగా మోగాయి. దీపం వెలిగాక రసం వస్తుందని కోతి నేర్చుకున్నాక దీపం వెలిగినప్పుడు మోగి, రసం వచ్చినప్పుడు మామూలుగానే ఉండిపోయాయి. దీపం వెలిగాక రసం రాకపోతే ఆ క్షణానికి మామూలు కంటే కూడా తగ్గిపోయాయి. రసం తీపి మారలేదు. అది ఊహించిందే అయినప్పుడు డోపమిన్ కణాలకు దానిలో వార్త లేదు. 1997లో షుల్ట్జ్, పీటర్ డేయన్, రీడ్ మాంటాగ్ కలిసి దీన్ని గణిత రూపంలో పెట్టారు: ఈ కణాలు చెప్పేది సంతోషం ఎంత అని కాదు, వచ్చింది అనుకున్నదానికి ఎంత తేడాగా ఉంది అని. 2006లో నీకో బుంజెక్, ఎమ్రా డ్యూజెల్ మనుషుల మెదళ్లను స్కాన్ చేసి, బహుమానం ఏదీ లేకపోయినా ఎప్పుడూ చూడని బొమ్మ కనబడినందుకే డోపమిన్ కణాలుండే ఈ ప్రాంతం చురుకవుతుందని చూపారు. కొత్తదనం దానంతట అదే ఒక వార్త అన్నమాట. అనంతగిరి మలుపు మొదటిసారి ఎదురైనప్పుడు ఉన్న ఝల్లు, యాభయ్యోసారి లేకపోవడానికి కారణం ఇక్కడుంది.

మరి కారులో వెళ్లేవాడికి లేని తపన బండివాడికే ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు మలుపు లోపల ఉంది. అందుకే మలుపు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

రెండు చక్రాల బండి తిరగాలంటే ఒరగాలి. ఎంత ఒరగాలో నిర్ణయించేవి ముఖ్యంగా రెండు: వేగం, మలుపు వ్యాసార్థం. బండి బరువుకి ఇందులో పాత్ర లేదు. 50 మీటర్ల వ్యాసార్థమున్న చదునైన మలుపును 40 కిలోమీటర్ల వేగంతో తీసుకుంటే సుమారు 14 డిగ్రీలు ఒరగాలి. 50తో వెళ్తే 21 దాటుతుంది. 60తో వెళ్తే దాదాపు 30 డిగ్రీలు. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే ఒరుగు రెట్టింపు దాటింది, ఎందుకంటే లెక్కలో వేగం వర్గమై కూర్చుంటుంది. టైరు వెడల్పు వల్ల నిజంగా ఒరగాల్సింది ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. టైరు వెడల్పుని కలపని ఆ మొదటి కోణానికి టాంజెంట్ కడితే వచ్చే సంఖ్యే టైరు రోడ్డుని అడిగే ఘర్షణ. పై మూడు వేగాలకీ అది వరసగా 0.25, 0.39, 0.57. పొడి తారు వీటిని హాయిగా ఇస్తుంది. ఈ మూడు సంఖ్యల్ని గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతాయి.

ఒరిగించే పద్ధతి ఇంకా విచిత్రం. కాస్త వేగం మీద ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ని ముందుకు నెట్టాలి. ముందు చక్రం క్షణకాలం కుడికి మళ్లుతుంది, బండి ఎడమకు ఒరుగుతుంది, అప్పుడు చక్రం తనంతట తాను ఎడమకు సర్దుకుంటుంది. విమానం ఎగరేయకముందు సైకిల్ దుకాణం నడిపిన విల్బర్ రైట్ ఈ సంగతి గమనించాడు. సైకిల్ తొక్కేవాళ్లెవరికీ తాము ఇలా చేస్తున్నామని తెలియదని కూడా గమనించాడు. చేతులకు తెలుసు, నోటితో చెప్పమంటే చెప్పలేరు. ఈ తెలివి ఎక్కువగా చిన్నమెదడుది. ఇంత నెడితే ఇంత ఒరుగుతుంది, ఇంత ఒరిగితే ఇంత తిరుగుతుంది అన్న లెక్కను అది ప్రతి మలుపుకీ ముందే వేసి, జరిగినదానితో పోల్చి, తేడాను దిద్దుకుంటూ ఉంటుంది.

కంటి పని ఇంకొకటి. 1994లో మైకేల్ లాండ్, డేవిడ్ లీ మెలికలు తిరిగిన రోడ్డు మీద డ్రైవర్ల చూపు ఎక్కడ నిలుస్తుందో కొలిచారు. మలుపు లోపలి అంచు ఎక్కడ వంగి కనుమరుగవుతుందో ఆ బిందువు మీదకి, మలుపులోకి దిగడానికి ఒకటి రెండు సెకన్ల ముందే చూపు వెళ్లిపోతోంది. 50 కిలోమీటర్ల వేగంలో ఒక సెకను అంటే 14 మీటర్లు. తెలియని ఘాట్‌లో ఆ బిందువు ఎటు జరుగుతుందో చూస్తూ మలుపు ఇంకా బిగుసుకుంటుందా, విప్పుకుంటుందా అని రైడర్ తేల్చుకోవాలి. దూరం వెళ్తే విప్పుకుంటున్నట్టు, దగ్గరికొస్తుంటే బిగుసుకుంటున్నట్టు. ప్రతి మలుపూ ఒక ప్రశ్న, ప్రతి రెండు సెకన్లకీ ఒక జవాబు, జవాబు కాస్త తేడాగా వచ్చినప్పుడల్లా డోపమిన్ కణాలకు పని. ఒక మనిషిని ఇంత పూర్తిగా పనిలో పెట్టే విషయాలు లోకంలో ఎక్కువ ఉండవని నా నమ్మకం.

చెవి లోపల ఇంకో సాక్షి ఉంది. అక్కడి మూడు అర్ధవృత్తాకార నాళికల్లో ద్రవం ఉంటుంది. తల తిరగడం మొదలవగానే ద్రవం వెనకబడి, లోపలి సన్నని రోమాలను వంచుతుంది, మెదడుకు కబురు వెళ్తుంది. అదే వేగంతో తిరుగుతూనే ఉంటే కొన్ని క్షణాలకు ద్రవం కూడా కలిసి తిరుగుతుంది, కబురు ఆగిపోతుంది. అంటే ఈ అవయవం పట్టుకునేది తిరుగుడులో మార్పును. ఎడమకు ఒరిగి, లేచి, వెంటనే కుడికి ఒరిగే జంట మలుపుల్లో దానికి క్షణం తీరిక ఉండదు. కారు మలుపు తిరిగితే మనిషి పక్కకు తూలుతాడు. సరిగ్గా ఒరిగిన బండి మీద ఆ బలం నేరుగా వెన్నెముక వెంట కిందికి దిగుతుంది. 30 డిగ్రీల ఒరుగులో ఒళ్లు పదిహేను శాతం బరువెక్కి సీటులోకి అదుముకుంటుంది, అంతే. రైడర్లు ఘాట్ దిగి వచ్చాక ముఖాల్లో కనబడే వెలుగుకి సగం కారణం ఈ చెవే.

ఇప్పుడు హైదరాబాద్ రైడర్ కష్టం చూడండి. ఆయన ఉన్నది దక్కన్ పీఠభూమి మీద. రోడ్డు ఇంజనీర్‌కి మలుపు పెట్టాల్సిన అవసరం ఎక్కువగా కొండ దగ్గరే వస్తుంది. లారీలు ఎక్కగలగాలంటే కొండదారి ఇరవై మీటర్లు ముందుకు పోయేసరికి ఒక మీటరు కంటే ఎక్కువ ఎత్తు పెరగకుండా చూడడం మన దేశంలో ఇంజనీర్ల మామూలు లెక్క. ఆ లెక్కన 600 మీటర్ల ఎత్తు ఎక్కడానికి 12 కిలోమీటర్ల రోడ్డు కావాలి. కొండ పక్కన అంత పొడవు నేరుగా దొరకదు కాబట్టి రోడ్డుని మడతలు పెడతారు, ఆ మడతలే హెయిర్‌పిన్‌లు. చదునైన నేలలో ఈ బాధ లేదు, కాబట్టి ఈ ఆనందమూ లేదు. నగరం చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీదకి ద్విచక్ర వాహనాలను అసలు రానివ్వరు. నాలుగు వరసల జాతీయ రహదారుల మీద రానిస్తారు, కానీ అక్కడ చెవికీ కంటికీ చిన్నమెదడుకీ చేసే పని దొరకదు. చేవెళ్ల రోడ్డు వెడల్పు పనుల కోసం ఆ మర్రిచెట్లను తీసేయడం గురించి ఏళ్ల తరబడి వివాదం నడిచినప్పుడు చెట్ల పక్షాన మాట్లాడినవాళ్లు నీడ గురించి, పక్షుల గురించి చెప్పారు. నేను ఇంకొకటి కూడా కలుపుతాను. ఒక్కో చెట్టూ ఒక్కో ఆకారంలో ఉన్న రోడ్డుని మెదడు ఓ పట్టాన కంఠస్థం చేయలేదు. చెట్లు పోయి వెడల్పయిన రోడ్డు ఒక్క ఆదివారంలో పాతబడుతుంది.

అందుకే ఇక్కడి రైడర్ల తర్వాతి మెట్టు శ్రీశైలం రోడ్డు. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. కడ్తాల్, డిండి దాటి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర నల్లమల మొదలవుతుంది. వటవర్లపల్లి, దోమలపెంట మీదుగా అడవిలోనే ప్రయాణం, ఆ తర్వాత కృష్ణ లోయలోకి మడతలు మడతలుగా దిగే ఘాట్, మళ్లీ అవతలి గట్టు ఎక్కడం. పీఠభూమి అంచు నదికి కోసుకుపోయిన చోటే మలుపులు దొరికాయన్నమాట. విశాఖపట్నం రైడర్లకి ఇంత దూరం పోనక్కర్లేదు. శృంగవరపుకోట దాటగానే అరకు ఘాట్ మొదలవుతుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన లోపం దగ్గరికి వద్దాం. మెదడు ఒక రోడ్డుని నేర్చేసుకున్నానని ప్రకటించాక ఆ రోడ్డుని చూడడం తగ్గించేస్తుంది. నెదర్లాండ్స్‌లో మారికె మార్టెన్స్, ఫాక్స్ కలిసి 2007లో దీన్ని కొలిచారు. కొందరిచేత సిమ్యులేటర్‌లో ఒకే రోడ్డు మీద రోజుల తరబడి మళ్లీ మళ్లీ నడిపించి, కళ్లు ఎటు చూస్తున్నాయో నమోదు చేశారు. రోజులు గడిచేకొద్దీ బోర్డుల మీద చూపు నిలిచే సమయం తగ్గుతూ వచ్చింది. చివర్లో ఒక కూడలిలో బోర్డు మార్చేశారు. అంతవరకు ముందు వెళ్లే హక్కు వీళ్లదే, ఇప్పుడు ఆగి దారి ఇవ్వాలి. చాలామంది పాత బోర్డు ఉన్నట్టే నడిపారు. ఇంకో బృందం 2013లో సిమ్యులేటర్ మీదే చేసిన పరిశోధనలో, దారి బాగా ఎరిగినవాళ్లు ముందు బండికి మరీ దగ్గరగా వెళ్లారు, రోడ్డు మీదకి వచ్చిన మనుషులను గుర్తించడంలో ఆలస్యం చేశారు. వాళ్ల కళ్లు తెరిచే ఉన్నాయి. కళ్లకు బదులు నమూనా చూస్తోంది.

ఈ నమూనా తెలంగాణ రోడ్ల మీద ఎలా తప్పుతుందో ఒక్క చోట దగ్గరగా చూపిస్తాను. ఏప్రిల్, మే నెలలు యాసంగి వరి కోతల కాలం. వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తూకం వేయరు. అందరికీ కల్లాలు లేవు. ఎండకు కాలే తారు కంటే త్వరగా ఆరబెట్టే చోటు రైతుకు ఇంకోటి దొరకదు. పోయిన ఆదివారం ఖాళీగా ఉన్న మలుపులో ఈ ఆదివారం సగం రోడ్డు మీద బెత్తెడు మందాన వడ్లు పరిచి ఉంటాయి, అంచున వాహనాలు ఎక్కకుండా వరసగా రాళ్లు. సాయంత్రం కుప్పచేసి నల్లటి పరదా కప్పుతారు. చీకట్లో నల్ల తారు మీద నల్ల పరదా. కుప్ప ఎత్తేశాక కూడా రాళ్లలో ఒకటో రెండో అక్కడే ఉండిపోతాయి, గింజలు పలచగా పరుచుకునే ఉంటాయి. గింజ టైరు కింద దొర్లుతుంది. తారు ఇచ్చే ఘర్షణలో అది ఇచ్చేది కొద్ది భాగమే. ఆ మలుపును కంఠతా పట్టిన రైడర్ ఎప్పటిలా 60తో వస్తే ఆయన టైరు 0.57 అడుగుతుంది. అదే మలుపును మొదటిసారి చూస్తున్నవాడు భయంతో 40తో వస్తాడు, ఆయన టైరు 0.25 అడుగుతుంది, పైగా ఆయన కళ్లు రోడ్డు మీదే ఉంటాయి కాబట్టి ఆగడానికి చోటు మిగులుతుంది. రాత్రికి రాత్రే వేసిన రంగులేని స్పీడ్ బ్రేకర్, ట్రాక్టర్ల చక్రాలు తెచ్చి పోసిన బురద, లారీ నుంచి కారిన డీజిల్, అన్నింటి లెక్కా ఇదే. ఊరిదగ్గరి రోడ్డు విసుగనిపించిన రోజు దాని మీద వేగం తగ్గించాల్సిన రోజు కూడా.

మరి విసుగు పుట్టినప్పుడు ఇంట్లో కూర్చోవచ్చు కదా? కూర్చోలేం. 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో టిమోతీ విల్సన్ బృందం మనుషులను ఖాళీ గదిలో పదిహేను నిమిషాలు ఒంటరిగా కూర్చోబెట్టింది. ఫోన్ లేదు, పుస్తకం లేదు. ఒక మీట మాత్రం ఉంది, నొక్కితే షాక్ తగులుతుంది. ఆ షాక్ ఎలా ఉంటుందో వాళ్లు ముందే చవిచూశారు, మళ్లీ తగలకుండా ఉండడానికి డబ్బు ఇస్తామని కూడా అన్నారు. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు కనీసం ఒకసారి మీట నొక్కుకున్నారు. ఏమీ జరగకపోవడం కంటే నొప్పి మేలనుకున్నారు. జంతువుల్లోనూ ఈ తహతహ ఉంది. రెండు కొమ్మలుగా చీలిన దారిలో ఎలుకను వదిలితే ఒకసారి ఎడమకు వెళ్లినది రెండోసారి ఎక్కువగా కుడికి వెళ్తుంది. తిండి ఎటూ పెట్టకపోయినా అంతే. అడవిలో బతికే ప్రాణికి నిన్న చూసి వచ్చిన మూల కంటే చూడని మూలలో ఏముందో తెలియడం లాభం.

మనుషుల విషయంలో దీనికి ఒక అందమైన ఆధారం 2020లో వచ్చింది. ఏరన్ హెల్లర్, క్యాథరిన్ హార్ట్‌లీ బృందం న్యూయార్క్, మయామీ నగరాల్లో కొందరి ఫోన్లలోని జీపీఎస్ ద్వారా వాళ్లు మూడు నాలుగు నెలల పాటు ఎక్కడెక్కడ తిరిగారో నమోదు చేసింది, మధ్యమధ్య మీ మనసెలా ఉంది అని అడిగింది. ఎక్కువ రకాల చోట్లకు, కొత్త చోట్లకు వెళ్లిన రోజుల్లో మనసులు తేలిగ్గా ఉన్నాయి. చోటుని గుర్తుపెట్టుకునే హిప్పోక్యాంపస్‌కీ, ప్రతిఫలాన్ని తూచే స్ట్రయాటమ్‌కీ మధ్య సంబంధం బలంగా ఉన్నవాళ్లలో ఈ ముడి మరింత గట్టిగా కనబడింది. ఆదివారం తిరిగొచ్చిన రైడర్ సోమవారం ఆఫీసులో ఎందుకు హుషారుగా ఉంటాడో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు. అందరిలో ఈ తపన ఒకేలా ఉండదన్నదీ నిజమే. మార్విన్ జుకర్‌మన్ 1960ల నుంచి ఉద్వేగాన్వేషణను కొలిచే ప్రశ్నావళిని అభివృద్ధి చేస్తూ, విసుగు ఎంత తొందరగా పుడుతుందన్నదాన్ని అందులో ఒక విడి పాయగా పెట్టాడు. ఒకే రోడ్డు మీద పదేళ్లు ఆనందంగా నడిపేవాళ్లూ ఉంటారు, మూడో వారానికే మ్యాపు తెరిచేవాళ్లూ ఉంటారు.

పాత రోడ్డుని ఎప్పుడు వదలాలి? దీనికీ ఒక లెక్క ఉంది, అది పిట్టల నుంచి వచ్చింది. ఒక చెట్టు మీద పురుగులు ఏరుకునే పిట్టకు మొదట గబగబా దొరుకుతాయి, పోను పోను తగ్గుతాయి. ఇంకో చెట్టుకి ఎప్పుడు ఎగరాలి? ఎరిక్ షార్నోవ్ 1976లో జవాబు చెప్పాడు: ఈ చెట్టు మీద ఇప్పుడు దొరుకుతున్న వేగం, ఎగరడానికి పట్టే సమయాన్ని కూడా కలుపుకుని చుట్టుపక్కల మొత్తం మీద దొరికే సగటుకు పడిపోయినప్పుడు. దీని నుంచి ఒక ఫలితం తేలుతుంది: చెట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ పిట్ట ఒక్కో చెట్టు మీద ఎక్కువసేపు ఉండాలి. మరుసటి ఏడాదే రిచర్డ్ కౌయీ గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల మీద దీన్ని పరీక్షించాడు. రంపపు పొట్టు నింపిన గిన్నెల్లో పురుగులు దాచి మూతలు పెట్టాడు. కొన్నిసార్లు సులువుగా ఊడే మూతలు, కొన్నిసార్లు కష్టపడి తీయాల్సినవి. మూత కష్టమైనప్పుడు పిట్టలు ఒక్కో గిన్నెలో ఎక్కువసేపు వెతుక్కున్నాయి.

హైదరాబాద్ రైడర్ మూత గట్టిది. కొత్త రోడ్డు ఏదైనా ముందు గంటసేపు నగరపు ట్రాఫిక్ దాటాలి. అందుకే ఆయన అనంతగిరిని విశాఖ రైడర్ తన ఘాట్‌ని వాడుకునేదానికంటే ఎక్కువకాలం అరగదీస్తాడు, అందుకే తెల్లవారుజామున నాలుగింటికే లేస్తాడు. నాలుగింటికి లేవడమంటే మూతను సులువు చేసుకోవడం. గంట ట్రాఫిక్ ఇరవై నిమిషాలకు తగ్గితే ఇంకాస్త దూరంలోని రోడ్లు కూడా అందుబాటులోకి వస్తాయి. రైడర్ల గుంపులు ఈ లెక్క ఎవరూ చెప్పకుండానే కట్టుకున్నాయి.

ఇంకో దారి కూడా ఉంది: వెనక్కి వచ్చే రోడ్డుని వేరే రోడ్డుగా చూడడం. దానికి ఒక్క లీటరు పెట్రోలు అదనంగా అక్కర్లేదు. హిప్పోక్యాంపస్‌లో ఒక్కో చోటుకి ఒక్కో కణం మోగుతుందని జాన్ ఓకీఫ్ 1971లో కనిపెట్టాడు. మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ కనిపెట్టిన గళ్ల కణాలతో కలిపి ఆ పనికి 2014లో నోబెల్ దక్కింది. విశాలమైన గదిలో ఎలుక ఏ దిక్కుకి తిరిగినా చోటు కణం ఒకేలా మోగుతుంది. ఇరుకైన దారిలో మాత్రం అలా కాదని 1983లో తేలింది. పోయేటప్పుడు ఒక చోట మోగిన కణం, వచ్చేటప్పుడు అదే చోట తరచు మౌనంగా ఉంటుంది, ఇంకేదో కణం మోగుతుంది. సన్నని దారిని మెదడు రెండు దిక్కులకి రెండు పటాలుగా రాసుకుంటుంది. రోడ్డు కంటే ఇరుకు దారి ఏముంటుంది?

మలుపుల లెక్క కూడా తారుమారవుతుంది. మనం ఎడమ పక్క నడుపుతాం. ఎడమ మలుపులో లోపలి గీత మీద ఉంటాం: వ్యాసార్థం చిన్నది, ముందు కనబడే దూరం తక్కువ. కుడి మలుపులో బయటి గీత మీద ఉంటాం: వ్యాసార్థం పెద్దది, చూపు దూరం పోతుంది. తిరుగు ప్రయాణంలో ప్రతి ఎడమా కుడి అవుతుంది, ప్రతి ఎక్కుడూ దిగుడు అవుతుంది. దిగేటప్పుడు బ్రేకు వేస్తే బరువు ముందు చక్రం మీదకి వాలుతుంది, చేతులు వేరే భాష మాట్లాడాలి. శ్రీశైలం నుంచి పొద్దున్నే బయల్దేరి, ఘాట్ ఎక్కి నల్లమలను దాటి చూసినవాళ్లకి ఇది తెలుసు. మన్ననూరు, దోమలపెంట మధ్య పులుల అభయారణ్యంలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లను వదలరు కాబట్టి, వెనక్కి వచ్చే ఆ రోడ్డుని చూడాలంటే ఎటూ వెలుతురులోనే చూడాలి.